నలుపు తెలుపు పటానికే నా ఓటు

మా ఇంట్లో అడవికి వెళ్లే బండ్లు రెండు. నాది సైడ్‌బైసైడ్, అంటే పక్కపక్కన సీట్లుండే నాలుగు చక్రాల మట్టిదారి బండి, అడ్డంగా కొలిస్తే 64 అంగుళాలు. తమ్ముడిది డర్ట్ బైక్, రెండు చెట్ల మధ్య నుంచి పిల్లిలా దూరిపోతుంది. కాలిఫోర్నియాలో శాక్రమెంటో దగ్గర పక్కపక్క వీధుల్లో ఉంటాం. శనివారం చీకటితోనే ట్రెయిలర్ తగిలించుకుని ఎల్డరాడో నేషనల్ ఫారెస్ట్ వైపు బయలుదేరడం ఏడేళ్లుగా అలవాటు. దారి చీలిన ప్రతిచోటా వాడు ఆగి, హెల్మెట్ అద్దం పైకెత్తి ఒకటే అడుగుతాడు: "అక్కా, ఇది నాకా, నీకా, ఇద్దరికీనా?"

ఆ ప్రశ్నకు ఏ పటం సరైన జవాబు చెబుతుందన్నదే ఈ సమీక్ష. కొండలు ఎంత అందంగా కనిపిస్తాయి, ఫొటోలు ఎన్ని పెట్టుకోవచ్చు అన్నవి నాకు తర్వాతి విషయాలు. నేను వాడినవి నాలుగు. అమెరికా అటవీ శాఖ ఉచితంగా ఇచ్చే మోటార్ వెహికల్ యూజ్ మ్యాప్, దాన్ని ఫోనులో అవెంజా మ్యాప్స్ అనే యాప్‌లో తెరుస్తాను. ఏడాది చందా కట్టించుకునే ఆఫ్‌రోడ్ యాప్ ఒకటి. అమెరికా ప్రభుత్వ సర్వే సంస్థ యూఎస్‌జీఎస్ వారి టోపో పటాలు, అంటే నేల ఎత్తుపల్లాలు చూపేవి. చివరగా సీటు కింద మడతపెట్టి ఉంచిన కాగితం. చందా యాప్ పేరు చెప్పను. దాంతో నాకు పేచీ ఉంది కానీ, దాని మీద పగ లేదు.

ముందు ఆ ఉచిత పటం సంగతి. అందరూ ఎంవీయూఎం అంటారు, నేనూ అలాగే అంటాను. మొదటిసారి తెరిచినప్పుడు ఎవరికైనా నీరసం వస్తుంది. నా దగ్గరున్న ప్రతిలో రంగు లేదు. కొండకు నీడ లేదు, లోయకు లోతు లేదు. తెల్ల కాగితం మీద చీమలు పాకినట్టు నల్ల గీతలు, వాటి పక్కన సన్నటి నంబర్లు, ఓ మూలన పట్టికలు. కరెంటు ఆఫీసులో గోడకు అంటించే వైరింగ్ చిత్రంలా ఉంటుంది. తమ్ముడు చూసి "ఇది పటమా, పరీక్ష పేపరా?" అన్నాడు. వాడన్నది సగం నిజమే. తప్పు రాస్తే మార్కులు పోవు, డబ్బులు పోతాయి.

ఆ గీతల్లోనే అసలు కిటుకు ఉంది. గీత తీరును బట్టి ఆ దారి ఎవరిదో తెలుస్తుంది. ఒక రకం గీత రోడ్డు మీద తిరగడానికి అన్ని అర్హతలూ ఉన్న బండ్లకు మాత్రమే. ఇంకొకటి అన్ని బండ్లకూ తెరిచిన రోడ్డు. మరొకటి అన్ని బండ్లకూ తెరిచిన ట్రెయిల్, అంటే రోడ్డు కాని అడవి బాట. ఇంకో రకం 50 అంగుళాలు, అంతకంటే తక్కువ వెడల్పు ఉన్న బండ్లకు. చివరిది మోటార్ సైకిళ్లకు మాత్రమే. నా 64 అంగుళాల బండి ఆ చివరి రెండింటిలో కాలు పెట్టకూడదు. తమ్ముడి బైకు రెండింటిలోనూ హాయిగా వెళ్లిపోవచ్చు. కాబట్టి ఒకే అడవిలో మా ఇద్దరి అడవులూ వేరు. ఈ సంగతిని సూచికలో మొట్టమొదట చెప్పేది ఈ వికారమైన పటమే.

దీనికి ఇంకో గుణం ఉంది. దాన్ని అర్థం చేసుకోవడానికి నాకు రెండు సీజన్లు పట్టింది. ఇందులో గీత లేని దారి మూసి ఉన్నట్టే లెక్క. మామూలు పటాల్లో గీత లేకపోతే గీసినవాడు మరిచిపోయాడని అనుకుంటాం. ఇక్కడ గీత లేకపోవడమే ఆజ్ఞ. కళ్లెదుట నిక్షేపంలాంటి మట్టి దారి ఉండవచ్చు, నిన్నే ఎవరో వెళ్లిన టైరు గుర్తులు ఉండవచ్చు, అడ్డంగా గేటు గానీ బోర్డు గానీ లేకపోవచ్చు. అయినా పటంలో లేదంటే వెళ్లకూడదు.

ఎప్పుడూ ఇలాగే ఉండేది కాదు. ఆఫ్‌రోడ్ బండ్లు ఎక్కడ తిరగవచ్చో, ఎక్కడ కూడదో నిర్ణయించమని 1972 ఫిబ్రవరిలో అధ్యక్షుడు నిక్సన్ 11644 నంబరు ఉత్తర్వు ఇచ్చాడు. 1977లో కార్టర్ దానికి ఇంకాస్త బిగువు చేర్చాడు. అయినా ఆ తర్వాత చాలాకాలం వరకు ఎన్నో అడవుల్లో పద్ధతి ఒకటే: వద్దని బోర్డు లేకపోతే వెళ్లవచ్చు. 2005 నవంబరులో వచ్చిన ట్రావెల్ మేనేజ్‌మెంట్ నిబంధన దాన్ని తలకిందులు చేసింది. ప్రతి జాతీయ అడవీ ఏ రోడ్డు, ఏ ట్రెయిల్, ఏ రకం బండికి, ఏడాదిలో ఏ రోజుల్లో అన్నది తేల్చి, పటం అచ్చువేసి ప్రజలకు ఇవ్వాలి. ఎంవీయూఎం పుట్టింది అందుకే. అందువల్ల దాన్ని విహారయాత్ర పటంలా చూడకూడదు, గెజెట్ నోటిఫికేషన్‌లా చదవాలి. తప్పితే 5,000 డాలర్ల వరకు జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ ఉండవచ్చని దాని మీదే అచ్చువేసి ఉంటుంది. గీత గీసినంత మాత్రాన ఆ దారి బాగుందనీ, క్షేమమనీ, మిమ్మల్ని రమ్మంటున్నామనీ అనుకోవద్దని కూడా అందులోనే ఉంటుంది. ఇంత నిష్ఠూరంగా మాట్లాడే పటాన్ని నేను ఇంకెక్కడా చూడలేదు. అందుకే నచ్చింది.

ఇప్పుడు చందా యాప్. ఏడాదికి నలభై డాలర్ల పైచిలుకు కట్టాను. తెరవగానే మనసు దోచుకుంటుంది, కాదనను. కొండలు లేచి నిలబడతాయి. వేలితో తిప్పితే లోయలోకి తొంగి చూడవచ్చు. వెళ్లవచ్చన్న దారులన్నీ పచ్చగా మెరుస్తాయి. దారి మీద నొక్కితే ఎవరో పెట్టిన ఫొటోలు, ఎంత కష్టమో చెప్పే అంకె, పక్కన గుడారం వేసుకునే చోటు. తమ్ముడు దాన్ని పొద్దున కాఫీతో పాటు తెరిచి, రాత్రి పడుకునే ముందు మూస్తాడు.

రెండేళ్ల కిందట అక్టోబరులో ఓ రోజు ఆ పచ్చదనాన్ని నమ్ముకుని వెళ్లాం. ఇరుకు ట్రెయిల్ దిగి పెద్ద కంకర రోడ్డెక్కాం. చక్కగా చదును చేసిన రోడ్డు, ఎదురుగా బస్సు వచ్చినా తప్పుకునేంత వెడల్పు. తెర మీద పచ్చటి గీత. పది నిమిషాలు గడిచాయో లేదో ఎదురుగా ఓ పికప్ వచ్చి ఆగింది. అందులోంచి అటవీ శాఖ యూనిఫాంలో ఓ పెద్దాయన దిగాడు. కోపంగా లేడు, అలసిపోయినట్టున్నాడు. నా బండి వెనక్కి వెళ్లి చూసి, నంబరు ప్లేటు లేదని తల ఊపాడు. నేను కాలిఫోర్నియా గ్రీన్ స్టిక్కర్ చూపించాను, ఆఫ్‌రోడ్ బండ్లకు రాష్ట్రం ఇచ్చే రిజిస్ట్రేషన్ గుర్తు అది. అది ట్రెయిళ్లకు చెల్లుతుందనీ, ఈ రోడ్డు మామూలు రోడ్డు బండ్లకు మాత్రమేననీ చెప్పాడు. నమ్మబుద్ధి కాలేదు. వెనక మేము దిగి వచ్చిన గతుకుల దారికి అనుమతి ఉందట, ఈ నున్నటి రోడ్డుకు లేదట! ఆయన బోనెట్ మీద కాగితం పరిచి వేలు పెట్టి చూపించాడు. గీత తీరు వేరు. ఎంవీయూఎంలో అది స్పష్టంగా ఉంది.

ఆలోచిస్తే కారణం కష్టమైనది కాదు. ఆ రోడ్డు మీద కార్లు, దుంగలు మోసే లారీలు వేగంగా వస్తాయి. ఇండికేటరు లేని నా బండి, అద్దం లేని తమ్ముడి బైకు మలుపులో వాటికి ఎదురుపడితే ఏం జరుగుతుందో ఊహించుకోవచ్చు. గతుకుల దారిలో అందరూ నెమ్మదిగానే వస్తారు. రోడ్డు బాగుండటమే మాకు అడ్డు. ఆ రోజు హెచ్చరికతో వదిలేశాడు. తమ్ముడి ప్రశ్నకు మొదటిసారి మూడింటిలో లేని జవాబు వచ్చింది: ఇద్దరికీ కాదు.

ఇంటికొచ్చి యాప్‌లో అదే గీత మీద నొక్కాను. ఓ పెట్టె తెరుచుకుంది. దానిలో "ఇంకా వివరాలు" అని ఉంటే అదీ నొక్కాను. కిందికి జరిపితే, ఫొటోలు దాటి, వాతావరణం దాటి, అప్పుడు కనిపించింది చిన్న అక్షరాల్లో: రోడ్డు అర్హత ఉన్న బండ్లకు మాత్రమే. అబద్ధం చెప్పలేదు. నిజాన్ని అటక మీద పెట్టి, వాకిట్లో పచ్చ తోరణం కట్టింది.

ఇలా ఎందుకు జరుగుతుందో తర్వాత కొంత తెలుసుకున్నాను. అటవీ శాఖ తన ఎంవీయూఎం సమాచారాన్ని ఎవరైనా వాడుకునేలా కంప్యూటర్ ఫైళ్లుగా కూడా బయట పెడుతుంది. అందులో ప్రతి దారికీ బండి రకాన్ని బట్టి వేర్వేరు గళ్లు ఉంటాయి, ఒక్కో గడిలో తెరిచి ఉండే తేదీలు ఉంటాయి. కారుకు ఒకటి, ఏటీవీ అనే చిన్న నాలుగు చక్రాల బండికి ఒకటి, మోటార్ సైకిల్‌కు ఒకటి. ఈ పట్టిక మొత్తాన్ని ఒక్క రంగులోకి కుదించాలంటే ఏదో ఒకటి వదిలేయక తప్పదు. నేను వాడిన యాప్ వదిలేసింది సరిగ్గా మాకు కావలసిన దాన్నే. "మీ బండి వెడల్పు ఎంత? ప్లేటు ఉందా?" అని మొదటి రోజే అడిగి, దాన్ని బట్టి రంగులు వేస్తే ఈ సమీక్ష ఇంకోలా ఉండేది. ఈ రెండు ప్రశ్నలూ అడగకుండా నా పుట్టినరోజు మాత్రం అడిగింది.

దాని మంచితనం కూడా చెప్పాలి. భూమి ఎవరిదో చూపించడంలో దానికి సాటి లేదు. ఈ సియెర్రా కొండల్లో చాలాచోట్ల ప్రభుత్వ అడవి, ప్రైవేటు కలప భూమి చదరంగం బల్లలా కలిసిపోయి ఉంటాయి. 1862లో రైల్వే చట్టం చేసి, పట్టాలు వేసిన కంపెనీకి దారి పొడవునా బేసి నంబరు సెక్షన్లు (సెక్షన్ అంటే చదరపు మైలు భూమి) దానమిచ్చారు, సరి నంబరువి ప్రభుత్వం దగ్గరే ఉన్నాయి. నూట అరవై ఏళ్ల తర్వాత నేను బండి నడుపుతూ ఒక్కో మైలుకు ఒక్కో యజమాని భూమి దాటుతున్నాను. ఆ హద్దులు యాప్‌లో రంగుల్లో స్పష్టంగా కనిపిస్తాయి. భోజనానికి ఎక్కడ ఆగాలో చూసుకోవడానికి నాకు ఇది చాలా ఉపయోగం.

సెక్షన్ల మాట వచ్చింది కాబట్టి మా నాన్న గురించి చెప్పకుండా ముందుకు వెళ్లలేను. ఆయన సర్వే శాఖలో పనిచేసి రిటైరయ్యారు. నా చిన్నప్పుడు ఇంట్లో గొలుసు ఉండేది, గుడ్డ మీద అంటించిన గ్రామ నక్షాలు ఉండేవి, వాటి మీద గ్లాసు పెడితే దెబ్బలు ఉండేవి. ఓ ఆదివారం వీడియో కాల్‌లో ఈ రెండూ చూపించాను. చందా యాప్‌లోని కొండలను ఓ క్షణం చూసి "బొమ్మ బాగుందమ్మా" అన్నారు. ఎంవీయూఎం చూపించగానే కళ్లద్దాలు తెచ్చుకున్నారు. "ఈ నంబర్లు ఏమిటి? సర్వే నంబర్లా?" అని అడిగారు. ఏవో రోడ్డు నంబర్లని తేలిగ్గా కొట్టిపారేశాను. ఆయన మాత్రం వదల్లేదు.

ఆయన అనుమానమే నిజమైంది. కాలిఫోర్నియా అడవుల్లో రోడ్డు నంబరు 12ఎన్ అనో 14ఎన్ అనో మొదలవుతుంది. ఆ 12, ఆ 14 సర్వేలోని టౌన్‌షిప్ అంకెలు. ఆధార రేఖ నుంచి ఉత్తరంగా ఎన్నో టౌన్‌షిప్పో అది చెబుతుంది. ట్రెయిల్ నంబర్లలో ఎన్ (N) బదులు ఈ (E) అక్షరం ఉంటుంది, అది తూర్పుగా ఎన్నో వరుసో చెబుతుంది. అన్నిటికీ మూలం డయాబ్లో కొండ శిఖరం, 1851లో అక్కడ నాటిన సర్వే బిందువు. టౌన్‌షిప్ అంటే ఆరు మైళ్ల చదరం, అందులో 36 సెక్షన్లు, ఒక్కోటి 640 ఎకరాలు. అంటే నంబరు చదవగలిగితే చాలు, ఫోను చచ్చిపోయినా ఉత్తరానికి వెళ్తున్నానా దక్షిణానికా అన్నది బోర్డులే చెబుతాయి. ఏడేళ్లు వాటి పక్క నుంచే తిరిగాను, చదవడం మాత్రం ఎనిమిది వేల మైళ్ల అవతల కూర్చున్న మనిషి నేర్పాడు.

ఆ తర్వాత అడవిలో చెట్లకు కొట్టిన పసుపు రేకులు కూడా కనబడటం మొదలైంది. అరచేయంత రేకు, దాని మీద 36 గళ్లు, ఓ చోట మేకు. ఆ మేకే మనం నిలబడిన చోటు. సెక్షన్ల వరుస ఈశాన్య మూలన ఒకటితో మొదలై పడమరకు ఆరు దాకా వెళ్లి, కిందికి దిగి మళ్లీ తూర్పుకు తిరుగుతుంది. నాన్నకు ఫొటో పంపితే, "దుక్కిలో ఎద్దులు చాలు చివర మళ్లినట్టు ఉందే" అని జవాబు వచ్చింది. బ్యాటరీ అక్కర్లేని నీలి చుక్క అది. దానికి ఎవరూ చందా అడగరు.

దారి మొదట్లో ఉండే నంబరు బోర్డు తీరును కూడా చూడాలి. అంకెలు అడ్డంగా రాసి ఉంటే మామూలు కారు వెళ్లగల రోడ్డు, ఒకదాని కింద ఒకటి నిలువుగా ఉంటే నేలకు ఎత్తుగా ఉండే బండ్లకే. నేను చూసిన ఏ యాప్‌లోనూ ఈ సంగతి కనిపించలేదు.

ఇక తేదీలు. దారి తెరిచి ఉండే కాలం పటం వెనక పట్టికలో ఉంటుంది, 04/01-12/31 అని. నేను మొదటి ఏడాది దీన్ని జనవరి నాలుగు నుంచి అని చదువుకున్నాను. 31వ నెల ఏమిటని తమ్ముడు అడిగాక గానీ వెలగలేదు, ఇక్కడ నెల ముందు రాస్తారని. ఏప్రిల్ ఒకటి నుంచి డిసెంబరు 31 వరకు అని దాని అర్థం. ఎల్డరాడోలో మట్టి దారులన్నీ జనవరి ఒకటి నుంచి మార్చి 31 దాకా మూస్తారు, నేల ఇంకా తడిగా ఉంటే ఆ గడువు పొడిగిస్తారు. తడిసిన దారిలో బండి వెళ్తే గాడి పడుతుంది, తర్వాతి వానకు ఆ గాడి కాలువై మట్టినంతా వాగులో కలుపుతుంది. ఈ ఒక్క విషయంలో చందా యాప్ బాగా పనిచేసింది. గడువు దాటిన దారిని ఎర్రగా చూపించింది. ఎర్రకు పక్కాగా ఉండి, పచ్చకు నిర్లక్ష్యంగా ఉండటం ఎలా సాధ్యమో ఆ తయారీదారులకే తెలియాలి.

కానీ పటం ఏదైనా చెప్పలేనిది ఒకటుంది, అది మంట. 2021 ఆగస్టు 14న మా ఎల్డరాడో అడవిలో కాల్డర్ అగ్నిప్రమాదం మొదలై, గ్రిజ్లీ ఫ్లాట్స్ ఊరిని చాలావరకు బూడిద చేసి, 2 లక్షల 21 వేల ఎకరాలకు పైగా కాల్చింది. ఆ నెల 31 రాత్రి నుంచి కాలిఫోర్నియాలోని దాదాపు అన్ని జాతీయ అడవులనూ రెండు వారాల పాటు పూర్తిగా మూసేశారు. ఆ రోజుల్లో నా ఫోనులోని ఎంవీయూఎం తెరిస్తే గీతలన్నీ యథాతథంగా ఉన్నాయి. కాగితం ప్రకారం దారి తెరిచే ఉంది, అడవి మాత్రం తగలబడుతోంది. మూసివేత ఉత్తర్వులు పటంలోకి రావు, అవి విడిగా అడవి వెబ్‌సైటులో వస్తాయి. మంట ఆరాక కూడా కాలిన చెట్లు విరిగి పడతాయని ఆ ప్రాంతాలను చాలాకాలం మూసి ఉంచుతారు. బయలుదేరే ముందు రాత్రి ఆ ఉత్తర్వుల పేజీ చూడటం నా పని, ట్రెయిలర్ గొలుసులు చూడటం తమ్ముడి పని. వాడు ఒకసారి మరిచిపోయాడు కానీ అది ఇక్కడ అప్రస్తుతం.

అవెంజా గురించి. ఇది చేసే పని చాలా చిన్నది, చక్కగా చేస్తుంది. ఎంవీయూఎం పీడీఎఫ్‌లో అక్షాంశ రేఖాంశాల లెక్క లోపలే దాగి ఉంటుంది. ఆ లెక్క చదివి, ఫోను జీపీఎస్ చెప్పిన చోట కాగితం మీద నీలి చుక్క పెడుతుంది, అంతే. సిగ్నల్ అక్కర్లేదు. ఫోను జీపీఎస్ ఉపగ్రహాల మాట వింటుందే కానీ ఎవరికీ ఏమీ పంపదు, కాబట్టి ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో కూడా నడుస్తుంది. నేను ఇంటి దగ్గరే ఆ మోడ్‌లో పెట్టి ఓసారి చుక్క కనబడుతుందో లేదో చూసుకుని బయలుదేరతాను. పటాలను ఇంట్లో వైఫై మీదే దించుకోవాలి. అవెంజా వాళ్ల పటాల దుకాణంలో ఎంవీయూఎంలు ఉచితం. మన సొంత పీడీఎఫ్‌లు ఎక్కించుకోవాలంటే, నేను వాడుతున్న ఉచిత ఖాతాలో మూడు దాకా కుదురుతాయి. మాకు అవి సరిపోయాయి.

దాని హద్దులు కూడా తెలిసి ఉండాలి. ఇది దారి చెప్పదు, "ఎడమకు తిరగండి" అనదు. పటం అంచు దాటితే చుక్క గాలిలోకి పోతుంది, పక్క షీటు మనమే తెరవాలి. పెద్దది చేసిన కొద్దీ గీత లావవుతుంది తప్ప కొత్త వివరం రాదు. అంగుళానికి మైలు కొలతలో ఒక మిల్లీమీటరు గీత నేల మీద 63 మీటర్లు. ఆకాశం తేటగా ఉన్నచోట ఫోను జీపీఎస్ దాదాపు 5 మీటర్ల తేడాతో చెబుతుంది. దేవదారు చెట్ల కింద, ఇరుకు లోయలో ఆ తేడా ఇంకా పెరుగుతుంది. రెండు దారులు ఇరవై మీటర్ల దూరంలో పక్కపక్కన పోతుంటే చుక్క ఏది మనదో తేల్చలేదు. అలాంటిచోట దిగి బోర్డు వెతకాలి. తమ్ముడు దిగడు, కాబట్టి నేనే.

ఫోను సంగతి వేరే కథ. గ్లోవ్స్‌తో తెర పలకదు. మధ్యాహ్నం ఎండలో వేడెక్కి తనంతట తానే ఆగిపోతుంది. దుమ్ము చార్జింగ్ రంధ్రంలో గూడు కడుతుంది. డర్ట్ బైక్ వాళ్లకు ఇంకో ప్రమాదం ఉంది: బలమైన మోటార్ సైకిల్ ఇంజిన్ల అదురుకు ఫోను కెమెరా దెబ్బతినవచ్చని ఆపిల్ కంపెనీ 2021లో చెప్పింది. అదురును పీల్చుకునే స్టాండు కొని బిగించుకోవాలి, లేదా మా తమ్ముడిలా పాత ఫోనును పటాలకు మాత్రమే అంకితం చేయాలి. సిమ్ లేకపోయినా జీపీఎస్ పనిచేస్తుంది.

యూఎస్‌జీఎస్ టోపో పటాల గురించి ఎక్కువ చెప్పను. 1:24,000 కొలత, ఉచితం, ఒకే ఎత్తున్న చోట్లను కలిపే కాంటూరు గీతలు కళ్లకు పండగ. ఈ కొండ మీంచి నా బండి దిగగలదా అన్నది అది చెబుతుంది, దిగవచ్చా అన్నది చెప్పదు. పాత ప్రతుల్లో ఎప్పుడో మూసేసిన కలప రోడ్లు కూడా బతికే ఉంటాయి. అలాంటి ఓ రోడ్డు కోసం గంటసేపు వెతికితే మట్టిగట్టు, దాని మీద మనిషెత్తు మన్జనీటా పొదలు దొరికాయి. కాగితం ఎంవీయూఎం సీటు కింద ఉంటుంది. గాలి లేనప్పుడు మంచిది.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు మార్కులెన్ని అంటారు కాబట్టి: అవెంజాలో ఎంవీయూఎంకు అయిదుకు నాలుగున్నర. అర మార్కు కోసింది సూచిక అక్షరాల సైజుకు, నలభై దాటిన కళ్ల తరఫున. చందా యాప్‌కు మూడు. భూమి హద్దులకు, తేదీలకు, సాయంత్రం ఇంట్లో కూర్చుని ఎక్కడికి వెళ్దామా అని చూసుకునే సరదాకు. కానీ అడవిలో దారి చీలిన చోట దాని పచ్చ రంగు మీద చక్రం పెట్టను. పక్కనే నల్ల గీత చూశాకే.

పోయిన నెల దాని ఏడాది గడువు ముగిసింది. మానేద్దామని తమ్ముడితో అన్నాను. "మరి రాత్రి పడుకునే ముందు ఏం చూడాలి అక్కా?" అన్నాడు. మళ్లీ కట్టాను. ఈసారి వాడి కార్డుతో.